చెట్టుకు కట్టే మెట్లు జారుతున్నాయి, బామ్మర్ది మాట వినడం లేదు

ప్రశ్న: మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి, పేరు వద్దంటూ ఒక రైతు రాశారు. అడవి అంచున నాలుగెకరాల చేను. యాసంగిలో మక్క వేస్తారు. కంకి పాలు పట్టే రోజులకు అడవి పందులు మందగా దిగి రాత్రికి రాత్రే సాళ్లకు సాళ్లు పడగొడుతున్నాయి. ఇన్నేళ్లూ నాలుగు గుంజల మంచె మీద తండ్రి కావలి ఉండేవారు. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు సాగడం లేదు, మంచె గుంజలకు చెద పట్టింది. ప్రాణహిత నది అవతల, తెలంగాణలోని చెన్నూరు వైపు ఉండే బామ్మర్ది, వేటగాళ్ల కోసం అమ్మే తాడు మెట్లు పది ఆన్‌లైన్‌లో తెప్పించాడు. మాను చుట్టూ తాడు తిప్పి బిగించి, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కొన మీద కాలు పెట్టి ఎక్కే రకం. రెండింటి తాడు పొట్టిగా ఉందని అంగడిలో నీలం తాడు కొని మార్చాడు. వాగు ఒడ్డున తెల్లమద్దికి కట్టి ఎక్కుతుంటే నాలుగో మెట్టు ఈయన కాలి కింద జానెడు జారింది. పిక్క గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. ‘కొత్త తాడు బావా, నాలుగు రోజులు వాడితే అదే లొంగుతుంది’ అంటాడు బామ్మర్ది. పైగా చెట్టెక్కి నాటు తుపాకితో పందులను కొడదామని అతని పట్టు. నిరుడు విత్తనాలకు ఇరవై వేలు చేబదులు ఇచ్చింది అతనే, గట్టిగా కాదనలేకపోతున్నారు. భార్య తమ్ముణ్ని ఏమీ అనలేక, భర్తను చెట్టెక్కనివ్వనని మాత్రం కూర్చుంది. పాత మంచె బాగు చేసుకోమని తండ్రి మాట. కొత్త తాడును ఎలా లొంగదీయాలి, లొంగితే జారడం ఆగుతుందా, తుపాకి విషయం బంధుత్వం చెడకుండా ఎలా తేల్చుకోవాలి అని అడుగుతున్నారు.

సమాధానం: పిక్క గీసుకోవడంతో పోయినందుకు ముందుగా సంతోషం. అదే ఏడో మెట్టు దగ్గర జరిగి ఉంటే, నడుముకు ఏ తాడూ లేని మనిషి నేరుగా నేల మీదకు వచ్చేవాడు.

మీ ఉత్తరంలో మూడు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. తాడు కొత్తది కావడం ఒకటి, మీరు ఎంచుకున్న చెట్టు ఒకటి, ఎక్కి ఏం చేయబోతున్నారన్నది ఒకటి. మీ బామ్మర్ది మూడింటికీ ఒకటే మందు చెబుతున్నాడు, వాడగా వాడగా సర్దుకుంటుందని. ఆ మందు మొదటిదానికి పనిచేస్తుంది. మిగతా రెండింటికీ పనిచేయదు.

ఈ మెట్టు చెట్టును ఎలా పట్టుకుంటుందో ఒకసారి చూడండి. తాడును మాను చుట్టూ తిప్పి మెట్టుకున్న వి ఆకారపు గాడిలోకి గట్టిగా లాగి ఇరికిస్తారు. ఆ సమయంలో మెట్టు కొన పైకి లేచి ఉంటుంది. దాన్ని కిందికి నొక్కినప్పుడు తాడు ఇంకా బిగుసుకుని, మెట్టు అడుగున ఉన్న పళ్లు బెరడులోకి దిగుతాయి. మనిషి బరువు పడేకొద్దీ పైన తాడు లాగుతుంది, కింద పళ్లు నొక్కుతాయి. ఆ రెండూ కలిస్తేనే పట్టు. తాడు ఏ కారణం చేత వదులైనా పళ్ల మీద నొక్కుడు పోతుంది, మెట్టు జారుతుంది.

కొత్త తాడు నిజంగానే వదులవుతుంది. అల్లికలోని పోగులు ఇంకా ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉండవు. మొదటి కొన్ని బరువులకు అవి దగ్గరపడి తాడు పొడవు పెరుగుతుంది, ఆ పెరిగినది మళ్లీ తగ్గదు. మాను చుట్టుకొలత 110 సెంటీమీటర్లు అనుకుందాం. నూటికి నాలుగు పాళ్లు సాగినా నాలుగు సెంటీమీటర్లకు పైగా వదులు వచ్చినట్టే. ముళ్లు కూడా అంతే, చేత్తో బిగించిన ముడి శరీర బరువు పడ్డాక ఇంకొంత లోపలికి దిగుతుంది. ఇవి కాక, తయారీలో పోగులకు పూసే నూనెజిడ్డు కొత్త తాడు మీద ఉంటుంది, అందుకే గాడిలో నున్నగా జారుతుంది. ఈ మూడూ లొంగదీస్తే పోయేవే. అయితే ఆ లొంగదీయడం మోకాలెత్తులో జరగాలి. ఎక్కుతూ దిగుతూ అదే లొంగుతుందనుకోవడం అంటే ఆ నాలుగు సెంటీమీటర్ల వదులు పన్నెండు అడుగుల ఎత్తులో బయటపడాలని కోరుకోవడమే.

పద్ధతి ఇది. మెట్లన్నీ దింపి, తాళ్లను శుభ్రమైన నీళ్లలో అరగంట నానబెట్టి చేత్తో పిసకండి. బట్టల పౌడరు వద్దు, వేడి నీళ్లు వద్దు. నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి నైలాన్ ఎండిన నైలాన్ కంటే ఎక్కువ సాగుతుంది, బలం కూడా కొంత తగ్గుతుంది. అందుకని ఆరకముందు ఏ పరీక్షా చేయకండి. ఆరాక ఒక్కో ముడినీ సాపు చేసి, పోగులు ఒకదాని మీదుగా ఒకటి పోకుండా చూసి, బలంగా బిగించండి. ముడి దాటి తోక తాడు మందానికి పన్నెండు రెట్లు ఉండాలి, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల తాడుకు సుమారు పది సెంటీమీటర్లు. ముడి మొదట్లో మార్కర్ పెన్నుతో గీత గీయండి, ముడి జరిగిందో లేదో ఆ గీతే చెబుతుంది. గాడి అంచుల మీద చిన్న దూది ముక్క పెట్టి నడిపించండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇనుప మొన లేచి ఉన్నట్టు. సన్న గరుకు కాగితంతో అరగదీయకపోతే ఆ మొనే తాడును లోపల్నుంచి కోస్తుంది.

ఇక మెట్టును మోకాలెత్తులో కట్టి కిందికి నొక్కి, మానును రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా బరువు వేయండి. నిలబడి ఒళ్లు కొద్దిగా ఊపండి. దిగి చూస్తే తాడు వదులైనట్టు తెలుస్తుంది. విప్పి, మళ్లీ లాగి, మళ్లీ కట్టండి. ప్రతిసారీ వదులు తగ్గుతూ వస్తుంది. వరసగా మూడుసార్లు కట్టినా బరువు వేశాక మెట్టు బెరడు మీద అదే చోట నిలిచి, ముడి దగ్గరి గీత కదలకపోతే ఆ తాడు లొంగినట్టు. పదింటికీ విడివిడిగా చేయాలి. ఒకటి లొంగింది కదా అని రెండోదాన్ని నమ్మకూడదు. చివర్లో మాను మీద నీళ్లు చల్లి అదే ఎత్తులో మరోసారి నిలబడి చూడండి. మీరు ఎక్కేది రాత్రి, మంచు పడ్డ బెరడు మీద. తెప్పించిన డబ్బా మీద ఒక్కో మెట్టు ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. మీ ఒంటి బరువు, చెప్పులు, దుప్పటి, సంచి అన్నీ కలిపి దానికి బాగా లోపలే ఉండాలి.

లొంగదీయడానికి కొందరు అడ్డదారులు పడతారు. తాడును ట్రాక్టరుకు కట్టి లాగడం, ఇసుకలో రుద్దడం, మంట మీద చూపించి నూగు లేపడం, మెత్తబడాలని కిరోసిన్ గానీ వంటనూనె గానీ పట్టించడం. వీటిలో ఏది చేసినా తాడు మెత్తబడినట్టే కనిపిస్తుంది, కానీ లోపలి పోగులు తెగో మాడో పోయి ఉంటాయి. ఇసుక రేణువులు అల్లికలో దూరితే తర్వాత ప్రతి బరువుకూ కోస్తూనే ఉంటాయి.

ఇప్పుడు ఆ నీలం తాడు. అంగడిలో నైలాన్ తాడు అని అడిగితే ఇచ్చేది చాలాసార్లు నైలాన్ కాదు. ముక్క కోసి నీళ్లలో వేయండి, తేలితే అది పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్, నైలాన్ మునుగుతుంది. ఆ ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసుబారుతుంది, రాపిడి వేడికి త్వరగా కరుగుతుంది, నున్నగా ఉండడం వల్ల ముడి నిలవదు. గాడిని మెట్టుతో వచ్చిన తాడు మందానికే చేసి ఉంటారు. సన్న తాడు అందులో ఇరుక్కోదు, లావుది అడుగుదాకా దిగదు. జారిన నాలుగో మెట్టుకు ఉన్నది ఏ తాడో మీరు రాయలేదు. నీలం తాడే అయితే జారడానికి సగం కారణం దొరికినట్టే.

మిగతా సగం కారణం చెట్టు. తెల్లమద్ది బెరడు నున్నగా ఉండి పలచటి పెచ్చులుగా ఊడుతుంది. మెట్టు పళ్లు దిగేది మానులోకి కాదు, ఊడిపోయే పెచ్చులోకి. పెచ్చు లేచిందంటే మెట్టూ లేచినట్టే. తాడు ఎంత లొంగినా ఈ జారుడు ఆగదు. గట్టు మీద నల్లమద్ది గానీ గరుకు బెరడున్న వేప గానీ ఉంటే వాటిని చూడండి. నల్లమద్ది బెరడు నిలువునా అడ్డంగా లోతుగా చీలి ఉంటుంది, పళ్లకు పట్టు బాగా దొరుకుతుంది. ఇప్ప మాను కూడా గరుకే, కానీ మార్చి, ఏప్రిల్‌లో పూలు రాలే వేళ ఎలుగుబంటి దాని కిందికే వస్తుంది, అది మీకంటే బాగా చెట్టెక్కుతుంది. కాబట్టి ఇప్పను వదిలేయండి. ఏ చెట్టయినా తొర్ర, చెద, ఎండు కొమ్మలు, తేనెపట్టు ఉన్నాయేమో పగలే చూసుకోవాలి. చుట్టుకొలత కొలిచి తాడు పొడవు సరిచూసుకోండి. మాను చుట్టూ తిరిగి గాడిలో పడ్డాక కనీసం ఒక అడుగు మిగలాలి. మిగిలిన కొసను మెట్టు మెడకు రెండు చుట్లు వేసి కట్టేయండి.

కట్టే తీరులో చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. మాను వెనకవైపు తాడు ముందువైపు కంటే కాస్త పైన ఉండాలి. వెనక కిందికి, ముందు పైకి ఉండేలా ఏటవాలుగా కడితే, బరువు పడగానే మెట్టు కిందికి దిగుతూ తాడు సమానంగా వచ్చేదాకా వదులవుతూ పోతుంది. మీరు జానెడు అన్న జారుడు సరిగ్గా ఇలాంటిదై ఉండొచ్చు. జారి, మళ్లీ బిగుసుకుని ఆగి ఉంటుంది. మానుకు ఎక్కడైనా బుడిపె ఉంటే తాడును దాని పైనుంచి పోనివ్వండి.

మెట్టుకూ మెట్టుకూ మధ్య 40 నుంచి 45 సెంటీమీటర్లు, ఒకటి కుడికి ఒకటి ఎడమకు. అంతకంటే దూరం పెడితే దిగేటప్పుడు చీకట్లో కాలికి మెట్టు అందదు. చెట్టు మీద పన్నెండు అడుగుల ఎత్తున మంచె కట్టుకుంటే పది మెట్లలో ఎనిమిది సరిపోతాయి, మిగతా రెండు మంచె కంటే పైకి కట్టండి. మంచె మీదకు కింది నుంచి పాకకూడదు. పై మెట్టు దాకా వెళ్లి, అక్కడి నుంచి మంచె మీదకు దిగాలి. చెట్టు నుంచి పడేవాళ్లు చాలామంది పడేది ఆ మారేచోటే. చేతుల్లో ఏమీ ఉండకూడదు. లైటు, దుప్పటి, నీళ్లు వేరే తాడుతో తర్వాత పైకి లాక్కోవాలి.

మీ ఇంటావిడ భయం తీరే దారి కూడా ఇక్కడే ఉంది. మెట్టు ఎంత మంచిదైనా ఒకనాడు జారుతుందనే లెక్కతోనే ఎక్కాలి. అందుకు ఒంటికంతటికీ పట్టే సేఫ్టీ హార్నెస్ (పట్టీల తొడుగు) కావాలి, భారత ప్రమాణం ఐఎస్ 3521 గుర్తు చూసి కొనండి. నడుముకు ఒక్క బెల్టు చాలదు, పడితే మనిషిని నడుం దగ్గర మడిచేస్తుంది, లేదా తలకిందులు చేస్తుంది. ఎక్కేటప్పుడు కరెంటు లైన్‌మెన్ వేసుకున్నట్టు మాను చుట్టూ ఒక తాడు ఉండాలి. మొదటిసారి అలా ఎక్కి, మంచెకు పైన మానుకు 11 మిల్లీమీటర్ల తాడు కట్టి నేలదాకా వదిలేస్తే, తర్వాత ప్రతిసారీ నేల మీదే హార్నెస్‌ను దానికి తగిలించుకోవచ్చు. తగిలించేది 8 మిల్లీమీటర్ల చిన్న తాడుతో, పెద్ద తాడు చుట్టూ మూడు చుట్లు వేసి తనలోంచి తనే దూరే ముడి. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. రెండు తాళ్లూ ఒకే మందమైతే ఆ ముడి పట్టదు. ఒంటరిగా మాత్రం ఎక్కకండి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కొద్ది నిమిషాల్లోనే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పవచ్చు, దింపడానికి కింద ఒక మనిషి ఉండాలి.

తుపాకి విషయం. ఇందులో తాడుకు ఉన్నన్ని మెలికలు లేవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పంది రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. ఆ చట్టం లెక్కన చంపడమే కాదు, చంపబోవడం కూడా వేటే. తుపాకి పట్టుకుని మంచె మీద కూర్చుని పట్టుబడితే, పంది రాలేదనే మాట కాపాడకపోవచ్చు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వేటకు వాడిన ఆయుధం, బండి, పనిముట్లు సర్కారు పరమవుతాయి, ఆ లెక్కలో మీ మెట్లూ వస్తాయి. లైసెన్సు లేని నాటు తుపాకికి ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. చీకట్లో కదిలినది ఎలుగుబంటి అయితే అది మొదటి షెడ్యూలు, శిక్ష మూడేళ్ల దగ్గరే మొదలవుతుంది. మనిషి అయితే? మీ అడవిలో ఇప్పపూలకూ తునికాకుకూ తెల్లవారకముందే బయల్దేరేవాళ్లు ఉంటారు, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

పంటను నాశనం చేసే పందిని చంపడానికి చట్టంలో దారి ఉంది. సెక్షన్ 11 కింద, నిలిచిన పంటకు ప్రమాదమని తేల్చి, అధికారం ఉన్న అటవీ అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అనుమతి ఏ రాష్ట్రంలో ఇస్తే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది, నది అవతల ఎవరికో ఇచ్చిన కాగితం ఇవతల పనికిరాదు. మీ బామ్మర్దికి అంత పట్టు ఉంటే గ్రామపంచాయతీతో కలిసి అటవీ రేంజి కార్యాలయానికి అర్జీ పెట్టించమనండి. వస్తే అందులో ఎవరు, ఎలా, ఎప్పటిదాకా అని రాసి ఉన్నట్టే నడవాలి.

ఇక మీ ముందున్న దారులు. మెట్లు కావలికి మాత్రమే వాడుకోవచ్చు. అప్పుడు హార్నెస్, తాళ్లకు ఇంకొంత ఖర్చు, ప్రతి రాత్రికీ తోడు మనిషి. ఎత్తు నుంచి చేను అంతా కనిపిస్తుంది, పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ, ఎత్తున ఉంటే మీ వాసన దానికి తొందరగా అందదు. కావలికి అది పెద్ద లాభమేమీ కాదు, వాసన తగిలి మందే రాకపోతే మీకు మంచిదే కదా. వేటగాడికి అవసరమైన ఎత్తు, చాటు కావలివాడికి అవసరం లేవు. ఈ లెక్కన మీ నాన్నగారి మాట నాకు సబబుగా తోస్తోంది. చెద పట్టిన గుంజలు మార్చి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో చుట్టూ కర్ర అడ్డాలతో మంచె వేసి, వాలుగా నిచ్చెన పెడితే ఇంట్లో ఎవరైనా ఎక్కి దిగగలరు. కొత్త గుంజల్లో మట్టిలో దిగే భాగం పైపైన కాల్చి నాటితే చెద కొంత ఆలస్యంగా పడుతుందంటారు.

మూడోది కావలి భారమే తగ్గించుకునే దారి. సోలార్ కంచెలో తీగ మీద సెకనుకొకటి చొప్పున చిన్న షాక్ పోతుంది, ప్రాణం తీయదు. పందికైతే మొదటి తీగ నేల నుంచి 20 సెంటీమీటర్లు, రెండోది 45 దగ్గర ఉండాలి. పైన కడితే కింది నుంచి దూరిపోతుంది. గడ్డి తగిలితే షాక్ నేలకు దిగిపోతుంది కాబట్టి తీగ కింద వారం వారం గడ్డి కోయాల్సిందే. ఆ ఓపిక లేకపోతే కంచె మీద డబ్బు పెట్టకండి. అడవి అంచు ఊళ్లకు సోలార్ కంచె మీద సబ్సిడీ ఉందేమో అటవీ కార్యాలయంలోనే అడగండి. ఇంటి కరెంటు తీగకు కలిపే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, అది మనుషులను చంపుతుంది. నష్టం జరిగినప్పుడు మూడు రోజులు దాటకుండా ఫిర్యాదు ఇచ్చి పంచనామా చేయించుకోండి. సాత్‌బారా (మహారాష్ట్రలో భూమి హక్కుల పత్రం) నకలు, ఫొటోలు, బ్యాంకు పాస్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. పంచనామా అయ్యేదాకా పడిపోయిన మక్కను తీయవద్దు, తీస్తే లెక్క తగ్గుతుంది.

ఇరవై వేల సంగతిని తుపాకి మాటతో కలపకండి. కంకి అమ్మాక ఎంత, ఎప్పుడు ఇస్తారో ముందే చెప్పేస్తే ఆ మొహమాటం మీ నోటికి అడ్డం పడదు. ఈ మాట మీ ఇంటావిడ చేత చెప్పించవద్దు, ఆమెను తమ్ముడికీ మీకూ మధ్య నిలబెట్టడం న్యాయం కాదు. మీరే చెప్పండి, మీ నాన్నగారు పక్కన ఉండగా. ‘మెట్లు నువ్వు తెచ్చినవే, ఎలా వాడాలో నువ్వే దగ్గరుండి చూడు. తుపాకి మాత్రం నా చేనులోకి రాకూడదు’ అంటే చాలు. అతను అలగొచ్చు, కొన్నాళ్లు రాకపోవచ్చు. కేసు పడితే సాత్‌బారా మీద పేరున్న మిమ్మల్నే మొదట పిలుస్తారని అతనికీ తెలుసు. తాడు పరీక్ష అతని చేతే చేయించండి. మోకాలెత్తులో తన బరువు కిందే మెట్టు జారడం చూస్తే, నాలుగు రోజుల్లో లొంగుతుందన్న మాట అతనే వెనక్కి తీసుకోవచ్చు.

ఆ పరీక్షకు ముందే నీలం తాళ్లు రెండూ విప్పేయండి. దూడలను కట్టేయడానికి పనికొస్తాయి. ఆ రెండు మెట్లకు, వాటితో వచ్చిన తాడు మందం, రకం చూసి సరిపోయే పొడుగు తాడు తెప్పించేదాకా ఎనిమిది మెట్లే ఉన్నాయనుకుని మంచె ఎత్తు తగ్గించుకోండి.